సైకాలజీలో పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయడం

పీహెచ్‌డీ వైవా ముగిసిన వారంలోనే ఇంటర్నెట్‌లో ‘సైకాలజీ పోస్ట్‌డాక్’ అని వెతికి, కనిపించిన ప్రకటనలన్నింటికీ ఒకే సి.వి. పంపేవారిని చాలామందిని చూశాను; మొదటి నెల నేనూ అదే చేశాను. అలా పంపినవాటిలో చాలా దరఖాస్తులను అవతలివారు తెరిచి కూడా చూడరు. సైకాలజీలో పోస్ట్‌డాక్ అన్న మాటకు రెండు వేర్వేరు అర్థాలు ఉండడమే దానికి కారణం. అమెరికాలో క్లినికల్ సైకాలజిస్టుగా లైసెన్సు తెచ్చుకోవడం కోసం సీనియర్ల పర్యవేక్షణలో రోగులను చూస్తూ గడిపే శిక్షణ కాలాన్ని కూడా పోస్ట్‌డాక్ అనే అంటారు. అందులో చేరాలంటే సాధారణంగా అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న డాక్టరేటు, ఇంటర్న్‌షిప్ ఉండాలి. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రులైతే పౌరసత్వం కూడా అడుగుతాయి. ఉస్మానియాలోనో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో తీసుకున్న పీహెచ్‌డీతో నేరుగా అందులోకి వెళ్లడం దాదాపు అసాధ్యం. కనుక ప్రకటన చూడగానే లైసెన్సు, ఇంటర్న్‌షిప్ అన్న మాటలు ఉన్నాయేమో ముందు చూసుకోవాలి. ఉంటే ఆ ప్రకటనను వదిలేయవచ్చు. ఇక్కడి నుంచి చెప్పేదంతా రెండో అర్థంలోని పోస్ట్‌డాక్ గురించి, అంటే పరిశోధన కోసం ఇచ్చే దాని గురించి.

ఇందులోనూ రెండు దారులు ఉన్నాయి. ఒక ప్రొఫెసర్‌కు వచ్చిన ప్రాజెక్టు నిధుల నుంచి జీతం తీసుకుంటూ ఆయన ప్రశ్న మీద పని చేయడం ఒకటి. మన ప్రశ్నను మనమే రాసి, మన పేరు మీద ఫెలోషిప్ గెలుచుకుని, ఇష్టపడిన ల్యాబ్‌కు వెళ్లడం రెండోది. అమెరికాలో సైకాలజీ వారికి బాగా తెలిసిన ఎఫ్32 ఫెలోషిప్ అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే ఇస్తారు కాబట్టి, మనవారు అక్కడ ఎక్కువగా మొదటి దారినే పడతారు. ఆ తర్వాతి దశలో వచ్చే కె99 అనే గ్రాంటుకు అలాంటి షరతు లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 2024కు నిర్ణయించిన తొలి ఏడాది పోస్ట్‌డాక్ స్టైపెండ్ 61,008 డాలర్లు. ప్రాజెక్టు జీతాన్ని మాట్లాడుకునేటప్పుడు ఈ అంకె గుర్తుంచుకుంటే ఉపయోగం.

రెండో దారిలో వెళ్లేవారు ముందుగా చూసుకోవలసింది గడువులను కాదు, తమ పీహెచ్‌డీ తేదీని. జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ పూర్తయి నాలుగేళ్లు దాటకూడదు. దీనికి చివరి తేదీ అంటూ ఉండదు, ఏడాది పొడవునా తీసుకుంటారు. ఫుల్‌బ్రైట్–నెహ్రూ పోస్ట్‌డాక్‌కు కూడా నాలుగేళ్ల లెక్కే. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఎనిమిదేళ్ల వరకు వెసులుబాటు ఉంది గానీ, ఏ దేశానికి వెళ్లదలిచామో ఆ దేశంలో గడువు తేదీకి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. బ్రిటన్‌కు వెళ్లదలిచిన వారికి న్యూటన్ ఇంటర్నేషనల్ ఫెలోషిప్ ఉంది. మన దేశంలో భారతీయ సామాజిక శాస్త్ర పరిశోధన మండలి పోస్ట్‌డాక్ ఇస్తుంది. దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. మెదడు, జ్ఞాపకం, చూపు వంటి ప్రయోగాత్మక అంశాలైతే గతంలో సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు) పేరుతో నడిచి, 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థలో కలిసిపోయిన జాతీయ పోస్ట్‌డాక్ పథకాన్ని కూడా చూడవచ్చు. షరతులు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కనుక ఆ ఏటి నోటిఫికేషన్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదవడం తప్పదు.

పీహెచ్‌డీ తేదీ దగ్గర మనకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. వైవా జరిగిన రోజు, విశ్వవిద్యాలయం ఫలితం ప్రకటించిన రోజు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద ఉన్న రోజు, స్నాతకోత్సవంలో పట్టా ఇచ్చిన రోజు: మన దగ్గర ఈ నాలుగింటి మధ్య రెండేళ్ల తేడా కూడా రావచ్చు. నా స్నేహితురాలు ఒకామె పట్టా మీది తేదీని లెక్కలోకి తీసుకుని, ఇంకా ఏడాది సమయం ఉందనుకుని కూర్చుంది. ఫెలోషిప్ ఇచ్చే సంస్థేమో విశ్వవిద్యాలయం ఫలితం ప్రకటించిన తేదీని తీసుకోవడంతో ఆమె అర్హత అప్పటికే దాటిపోయింది. ఏ తేదీని లెక్కిస్తారో సంస్థకు ఈ–మెయిల్ రాసి అడిగి, వచ్చిన జవాబును దాచుకోవాలి.

పేర్ల చిక్కును కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. పదో తరగతి మెమోలో ‘కె. శ్రీలక్ష్మి’, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, మొదటి పేపర్‌లో ‘శ్రీలక్ష్మి కె.’, పెళ్లయ్యాక రెండో పేపర్‌లో మరో ఇంటిపేరు ఉంటే, చూసేవారికి ఈమె ముగ్గురు మనుషుల్లా కనిపిస్తుంది. పేరు ఎలా రాసినా పరిశోధకులను గుర్తుపట్టేందుకు వాడే ఆర్కిడ్ (ORCID) సంఖ్య ఉచితంగా ఇస్తారు. అది తీసుకుని పేపర్లన్నింటినీ దాని కిందికి చేర్చాలి. డబ్బు కడితే వారంలో అచ్చు వేసే జర్నళ్లలోని పేపర్లు సి.వి.లో ఉంటే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. దరఖాస్తు ఎంపిక చేసిన పేపర్లనే అడిగితే వాటిని ఎంచుకోవద్దనీ, పూర్తి జాబితా అడిగితే మాత్రం దాచవద్దనీ నా అభిప్రాయం. అలాంటివి ఆరు ఉండటం కన్నా గట్టి జర్నల్‌లో రివ్యూ దశలో ఉన్నది ఒకటి ఉండటం మేలు.

ఇక అసలు పని మొదలవుతుంది: హోస్ట్‌ను వెతకడం. హంబోల్ట్‌కైనా, మేరీ క్యూరీకైనా, అక్కడ మనల్ని చేర్చుకోవడానికి ఒప్పుకున్న పరిశోధకుడు లేకుండా దరఖాస్తే ఉండదు. గడువుకు ఎనిమిది నెలల ముందైనా ఆయనకు రాయాలి. నేను మొదట రాసిన ఉత్తరాన్ని తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: “గౌరవనీయులైన సర్, నేను ఇటీవల కాగ్నిటివ్ సైకాలజీలో పీహెచ్‌డీ పూర్తి చేశాను. విశ్వవిఖ్యాతమైన మీ ల్యాబ్‌లో ఏ అంశంపైనైనా పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. దయచేసి ఒక అవకాశం ఇవ్వగలరు.” నలభై మందికి పంపితే ఇద్దరు జవాబిచ్చారు, ఇద్దరూ మర్యాదగా కాదన్నారు. మన చదువుల్లో వినయంగా కనిపించే ‘ఏ అంశంపైనైనా’ అన్న మాట అవతలివారికి ‘నాకంటూ ప్రశ్న ఏదీ లేదు’ అని వినిపిస్తుంది. ఆ పొగడ్త ఎవరికైనా అతికించగలిగేదని కూడా వారికి వెంటనే తెలిసిపోతుంది.

మరుసటి ఏడాది ఆరుగురికే రాశాను. “మీ 2017 పేపర్‌లో ఎడమ నుంచి కుడికి వరుసగా సాగే లిపిని చదివేటప్పుడు కంటి కదలికలు ఎలా ఉంటాయో చూపించారు. నా మాతృభాష తెలుగు. అందులో కంటికి కనిపించే వరుస, నోట పలికే వరుస కొన్ని అక్షరాల్లో ఒకటి కావు. మీ నమూనా అక్కడ నిలబడుతుందా అన్నది చూడాలని ఉంది. ఐ–ట్రాకర్ మీద మూడేళ్లు పని చేశాను. కోడ్ లింకు కింద ఉంది. సెప్టెంబరు గడువున్న మేరీ క్యూరీకి మీతో కలిసి దరఖాస్తు చేయడం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడే వీలుంటుందా?” అంతే. ఆయన పేపర్ చదివామన్న రుజువు, దానిలోని ఒక ఖాళీ, దాన్ని పూరించడానికి మన దగ్గర ఉన్న పనిముట్టు, ఏ ఫెలోషిప్, ఏ తేదీ, అడిగేది ఏమిటి అన్నవన్నీ అందులో ఉన్నాయి. ‘డియర్ సర్’ బదులు ‘డియర్ డాక్టర్’ అని ఇంటిపేరు జోడించాలి. అటువైపు ఉన్నది మహిళ కావచ్చునన్న ఊహ లేకుండా రాసిన ఉత్తరాలు ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాయి. పది రోజులకు జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తు చేయవచ్చు, రెండోసారి వద్దు. హోస్ట్ ఒప్పుకోబోతున్నారనిపిస్తే, ఆ ల్యాబ్‌లో పని చేసి బయటికి వచ్చిన ఒకరిద్దరితో తప్పక మాట్లాడాలి. పేపర్లలో కనిపించని సంగతులు వారి దగ్గర తెలుస్తాయి.

ప్రపోజల్ విషయానికి వస్తే, మన థీసిస్ మొదటి అధ్యాయం అలవాటు ఇక్కడ బాగా చెరుపు చేస్తుంది. “చదవడం మానవ జీవితంలో అత్యంత ప్రధానమైన నైపుణ్యం” అని మొదలుపెట్టి, నిర్వచనాలు, చరిత్ర, సిద్ధాంతాలు అన్నీ చెప్పి నాలుగో పేజీలో ప్రశ్నకు వస్తాం. మేరీ క్యూరీలో ప్రధాన భాగం మొత్తం పది పేజీలే. ప్రశ్న మొదటి పేరాలోనే ఉండాలి, అదీ కళ్లకు కట్టేలా ఉండాలి. నేను చివరికి ‘లక్ష్మి’ అన్న మాటతో మొదలుపెట్టాను. ‘క్ష్మి’ని కాగితం మీద ఒకసారి చూడండి: గుడి ‘క’ మీద ఉంది, ‘ష’, ‘మ’ ఒత్తులుగా కిందికి వెళ్లాయి. నోటితో పలికేటప్పుడు మాత్రం ఆ ఇకారం క, ష, మ మూడూ దాటిన తర్వాతే వస్తుంది. మూడో తరగతి పిల్లవాడు గుడిని ముందే చూసి దాన్ని మనసులో ఆపి ఉంచుకుంటాడా, లేక కన్ను ఒత్తుల దాకా వెళ్లి మళ్లీ పైకి వస్తుందా? ఈ రెండింటిలో ఏది నిజమైనా కంటి కదలికల్లో వేర్వేరు జాడలు కనబడాలి. తెలుగు రాని రివ్యూయర్ కూడా ఈ బొమ్మను చూసి ప్రశ్న ఏమిటో అర్థం చేసుకోగలరు. రెండు ఊహల్లో ఒకటి తప్పని తేలే అవకాశం ఉండడమే ఇందులోని బలం. ఫలితం ఎలా వచ్చినా సరిపోయే ప్రపోజల్‌ను అనుభవం ఉన్న రివ్యూయర్ నమ్మరు.

సైకాలజీ రివ్యూయర్లకు ఈ పట్టింపు ఇటీవల బాగా పెరిగింది. 2015లో వంద సైకాలజీ అధ్యయనాలను తిరిగి చేసి చూస్తే, అసలు అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా నిలిచిన ఫలితాలు కాగా, తిరిగి చేసినప్పుడు 36 శాతమే నిలిచాయి. ఆ తర్వాత నుంచి ఎంతమంది పిల్లలను తీసుకుంటారు, ఆ సంఖ్య ఎలా లెక్కకట్టారు, ప్రయోగం మొదలయ్యే ముందే ప్రణాళికను ఓఎస్ఎఫ్ (ఓపెన్ సైన్స్ ఫ్రేమ్‌వర్క్) వెబ్‌సైట్‌లో నమోదు చేస్తారా, డేటాను అందరికీ తెరిచి ఉంచుతారా అన్నవి తప్పనిసరి ప్రశ్నలయ్యాయి. ‘సుమారు 60 మంది’ అని రాస్తే చాలదు. జి–పవర్ వంటి సాఫ్ట్‌వేర్‌తోనో సిమ్యులేషన్‌తోనో ఆ 60 ఎలా వచ్చిందో రెండు వాక్యాల్లో చెప్పాలి.

పని ఎక్కడ జరుగుతుందన్నది కూడా స్పష్టంగా రాయాలి. నెదర్లాండ్స్‌లో కూర్చుని తెలుగు మీడియం మూడో తరగతి పిల్లలను ఎక్కడి నుంచి తెస్తారని రివ్యూయర్ అడుగుతారు, అడగాలి కూడా. మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థల వారు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వారు కలిసి లక్నో పరిసర గ్రామాల్లో చదువు రాని పెద్దలకు హిందీ చదవడం నేర్పి, మెదడులో వచ్చిన మార్పులను 2017లో ప్రచురించారు. అలాంటి ఉదాహరణ చూపితే ఇది జరిగే పనేనని తెలుస్తుంది. ఏ జిల్లా, ఎన్ని బడులు, ఎవరి అనుమతి, పరీక్షలూ పండుగ సెలవులూ పోను ఏ నెలల్లో అన్నది రాయాలి. విదేశీ సంస్థతో కలిసి మన దేశంలో ఆరోగ్య సంబంధ పరిశోధన చేస్తే ఇక్కడి ఎథిక్స్ కమిటీతో పాటు ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి అవసరమవుతుందేమో ముందే చూసుకుని, దానికి పట్టే నెలలను కాలపట్టికలో చేర్చాలి.

మేరీ క్యూరీలో మార్కులు శాస్త్రీయ నాణ్యతకు 50 శాతం, ప్రభావానికి 30, అమలుకు 20. మనవారు మొదటి దాని మీద నెల రోజులు పెట్టి, మిగతా రెండింటిని ఆఖరి రెండు రాత్రుల్లో నింపుతారు. 2025లో 17 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి; అంత పోటీలో ఆ మిగతా సగం దగ్గరే వెనకబడిపోతాం. ముఖ్యంగా, హోస్ట్ మనకు నేర్పేది ఏమిటో రాసినంత శ్రద్ధగా మనం ఆ ల్యాబ్‌కు నేర్పేది ఏమిటో రాయాలి. ఇక్కడ వినయం పనికిరాదు.

రిఫరెన్స్ లేఖల దగ్గర మన గైడ్లు సాధారణంగా అనే మాట ఒకటుంది: “నువ్వే రాసి పంపమ్మా, సంతకం పెడతాను.” అది ప్రేమతో అన్నదే అయినా ప్రమాదం, మూడు లేఖలూ ఒకే చేతి రాతలా ఉంటే చదివేవారు పసిగడతారు, ఇది నిజాయితీకి సంబంధించిన విషయం కూడా. అలాంటప్పుడు నేను “సర్, మీకు గుర్తుండడానికి కొన్ని విషయాలు పంపుతున్నాను, మీ మాటల్లో రాస్తే బాగుంటుంది” అని ఒక పేజీ పంపేదాన్ని. నేను ప్రయోగంలో ఏ పొరపాటు కనిపెట్టాను, ఎవరికి నేర్పాను, ఏ విశ్లేషణ ఒంటరిగా చేశాను అన్నవి అందులో ఉండేవి. ‘కష్టపడే స్వభావం, సత్ప్రవర్తన’ అన్న లేఖ కన్నా, ఆమె సగం డేటాలో టైమింగ్ తప్పును పట్టుకుని రెండు నెలల పనిని మళ్లీ చేసింది అన్న ఒక్క వాక్యం ఎక్కువ పని చేస్తుంది. లేఖ గడువును అసలు గడువు కన్నా పది రోజుల ముందుగా చెప్పడం మంచిది.

మేరీ క్యూరీ దరఖాస్తును ముందుగానే ఒకసారి పోర్టల్‌లో సమర్పించి, గడువు లోపల మార్చుకుంటూ ఉండవచ్చు. చివరి గంట దాకా ఆగవలసిన పని లేదు. ఫలితం ఫిబ్రవరిలో వస్తుంది, దానితో పాటు రివ్యూయర్ల వ్యాఖ్యలూ వస్తాయి. కాదన్నా ఆ కాగితాన్ని ఒక వారం పక్కన పెట్టి, తర్వాత హోస్ట్‌తో కలిసి చదవాలి. స్కోరు మరీ తక్కువైతే అదే సంస్థతో మరుసటి ఏడాది దరఖాస్తు చేయనివ్వరు కనుక, సిద్ధం కాని ప్రపోజల్‌ను ‘పోతే పోనీ’ అని పంపడం మంచిది కాదు. ఫుల్‌బ్రైట్ వచ్చినవారు మాత్రం సంతకానికి ముందు ఇంట్లో వారితో కూర్చుని ఒక షరతు మాట్లాడుకోవాలి: ఆ ఫెలోషిప్‌తో వచ్చే జె–1 వీసా మీద వెళ్లినవారు తిరిగి వచ్చి స్వదేశంలో మొత్తం రెండేళ్లు ఉంటే తప్ప, అమెరికాలో హెచ్–1బి వీసా గానీ గ్రీన్ కార్డు గానీ సాధారణంగా ఇవ్వరు.