ఊరి చెరువును ఆవరణ వ్యవస్థగా పరిశీలించే పద్ధతి

ఆవరణ వ్యవస్థ అనే భావనను 1935లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ ప్రతిపాదించారు. జీవులను వాటి చుట్టూ ఉన్న మట్టి, నీరు, గాలి, ఎండల నుంచి విడదీసి చూడరాదన్నది ఆయన వాదన. ఆ వాదనను స్వయంగా పరీక్షించుకోవడానికి ఊరి చెరువు ఎంతో అనువైన చోటు. ఒక నోటుపుస్తకం, కొలతలు గుర్తు పెట్టిన తాడు, ఏడాదిపాటు ఓపిక ఉంటే చాలు.

మొదట హద్దు గీయండి. నీటి అంచును హద్దుగా తీసుకోకూడదు. వాన నీరు ఏ చేల మీదుగా, ఏ వాగు గుండా వస్తుందో, అలుగు పారితే ఎటు పోతుందో, తూము కింద ఏ పొలాలు తడుస్తాయో పటంలో చూపాలి. ఎగువ పొలంలో చల్లిన ఎరువులో కొంత, ఇళ్ల మురుగులో కొంత ఆ దారినే చెరువుకు చేరుతుంది.

తరువాత జీవులను అవి చేసే పనిని బట్టి విభజించండి. పేర్లు తెలియకపోయినా నష్టం లేదు. ఎండతో ఆహారం తయారుచేసే సూక్ష్మ శైవలాలు, నాచు, తామర, జమ్ము ఉత్పత్తిదారులు. వాటిని తినేవి, ఆ తిన్నవాటిని తినేవి వినియోగదారులు. చనిపోయినదాన్ని తిరిగి లవణాలుగా మార్చే బాక్టీరియా, శిలీంధ్రాలు విచ్ఛిన్నకారులు. చాలామంది కొంగలతో, నీటికాకులతో మొదలుపెడతారు. బురదతో మొదలుపెట్టమని నా సలహా. గుప్పెడు బురదను తెల్లటి పళ్లెంలో వేసి నీళ్లు పోస్తే నత్తలు, తూనీగ పిల్లపురుగులు, సన్నని ఎర్ర పురుగులు కనిపిస్తాయి. మన రక్తంలో ఉన్నట్టే ఆ ఎర్ర పురుగుల్లోనూ హిమోగ్లోబిన్ ఉండడం వల్ల ఆక్సిజన్ తక్కువైన అడుగు భాగంలోనూ అవి బతుకుతాయి.

ఎవరు ఎవరిని తింటున్నారో చూసినప్పుడల్లా ఒక బాణం గీయండి. ఆహారమైన జీవి నుంచి దాన్ని తిన్న జీవి వైపుకు బాణం ఉండాలి, ఎందుకంటే శక్తి వెళ్లే దారి అది. ఒక్కో మెట్టు దాటేసరికి స్థూలంగా పదో వంతు శక్తే మిగులుతుంది, తక్కినది ఎక్కువగా వేడిగా పోతుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక చిన్న సరస్సును పరిశీలించి ఇటువంటి లెక్కకు దారి వేసిన శాస్త్రవేత్త రేమండ్ లిండెమన్, 1942లో తన వ్యాసం అచ్చయ్యేనాటికే కన్నుమూశారు. అయితే ఏదో ఒక రోజున తూస్తే సూక్ష్మ శైవలాల బరువు వాటిని తినే జీవుల బరువుకన్నా తక్కువగానూ ఉండవచ్చు. అవి అతివేగంగా పెరుగుతూ, పెరిగినంతా తినేయగా ఎప్పటికప్పుడు తరుగుతుంటాయి కనుక ఆ లెక్కలో తప్పేమీ లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పే పని, ఒకే రోజున తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య మరొకసారి చెరువుకు వెళ్లడం. చీకటిలో ఒంటరిగా మాత్రం వెళ్లకండి. పగలు శైవలాలు ఆక్సిజన్‌ను నీటిలోకి వదులుతాయి. రాత్రి అవి కూడా మిగతా జీవులతోపాటు దాన్నే పీల్చుకుంటాయి. అందువల్ల వేకువకు ఆక్సిజన్ అతి తక్కువకు పడిపోతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే, ముఖ్యంగా ముందురోజు మబ్బు పట్టి ఉంటే, కారణం ఇదేనని చేపల రైతులు వెంటనే గుర్తిస్తారు. కొర్రమీను నేరుగా గాలి పీల్చగలదు కనుక అది బతికి, మిగతా చేపలు చనిపోతే ముందుగా ఆక్సిజన్ కొరతనే అనుమానించాలి.

నీటి స్పష్టతను కొలవడానికి 20 సెంటీమీటర్ల గుండ్రటి పలకను నాలుగు భాగాలు చేసి, నలుపు తెలుపు రంగులు మార్చి మార్చి వేసి, తగిన బరువు కట్టి తాడుతో దించండి. అది కనుమరుగైన లోతును రాసుకోండి. నెలనెలా ఆ లోతు తగ్గుతూ, నీరు పచ్చబడుతూ, గుర్రపుడెక్క పరుచుకుంటుంటే నత్రజని, భాస్వరం మితిమీరి చేరుతున్నాయని అనుకోవచ్చు. అప్పుడు మొదట గీసిన పటాన్ని తీసి, అవి ఏ కాలువ గుండా వస్తున్నాయో వెతకాలి.

శక్తి ఒకవైపే ప్రవహిస్తుంది, పోషకాలు మాత్రం తిరిగి వస్తాయి. వేసవిలో పూడిక మట్టిని పొలాలకు తోలుకునే మన రైతుల అలవాటు, చేల నుంచి కొట్టుకొచ్చిన సారాన్ని మళ్లీ చేలకే చేరుస్తుంది. ఆ రోజుల్లోనే మీరూ ఎండి బీటలు వారిన అడుగు నుంచి దోసెడు మట్టి తెచ్చి, గాజు పాత్రలో వేసి, నిల్వచేసిన వాన నీరు పోసి వెలుగు తగిలే చోట ఉంచండి. క్లోరిన్ కలిసిన కుళాయి నీరు పనికిరాదు. మట్టిలో నిద్రాణంగా ఉన్న గుడ్లు ఉంటే కొన్ని రోజుల్లోనే చుక్కలంత జీవులు ఈదుతూ కనిపిస్తాయి. వాటిని ఏ రోజున చూశారో తేదీతో సహా రాసుకుని, తొలి వానల తర్వాత చెరువులోనూ వాటికోసం వెతకండి.