బలం, శక్తి, సామర్థ్యం: పిల్లలకు కలగాపులగం కాకుండా చెప్పడం ఎలా

మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. సాయంత్రం పూట మా ఇంటి వసారాలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సైన్సు ట్యూషన్ చెప్తాను. ఇప్పటి పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. ఫోర్స్ అంటే ఏందిరా అంటే "బలం సార్" అంటారు. ఎనర్జీ అంటే "శక్తి సార్". మరి రెండింటికీ తేడా ఏందంటే గోడకేసి చూస్తారు. వాళ్లననేం లాభం? మా ఇళ్లల్లో బలం, శక్తి, సత్తువ అన్నీ ఒకటే. జ్వరం పడి లేచినవాడికి మూడూ లేవంటాం.

అందుకే నేను నిర్వచనాల జోలికి ముందు పోను. బండలాగుడుతో మొదలుపెడతాను. తిరునాళ్లలో అది చూడని పిల్లోడు మా పక్క దొరకడు. మీ ఊళ్లో ఇంకేదైనా ఉంటే అదే తీసుకోండి, కానీ ఒక్కటే తీసుకోండి. మాటమాటకూ ఉదాహరణ మారిస్తే మాటల మధ్య తేడా పిల్లలకు పట్టుబడదు.

ముందు, బండ కదలబోయే క్షణం దగ్గర ఆపండి. ఎద్దులు మెడలు వంచి, గిట్టలు నేలకు తన్నిపెట్టి లాగుతున్నాయి. గొలుసు బిగుసుకుంది. బండ మాత్రం కదల్లేదు. బలం ఉందా? ఉంది. మరెందుకు కదల్లేదు? నేల కూడా అంతే బలంతో బండను పట్టుకుంది. అది స్థైతిక ఘర్షణ. గొలుసులోని టెన్షన్‌ను పుస్తకం తన్యత అంటుంది, పిల్లలకు తెలిసిన టెన్షన్ వేరే కాబట్టి ఈ మాట ఒకసారి పలికించండి.

ఇప్పుడు అడగాల్సింది: పని జరిగిందా?

"ఎద్దుల నోట్లో నురగలొస్తాంటే పని జరగలేదంటారేంది సార్?" అని ఒకడు నా మీదికే వచ్చాడు. వాళ్ల నాయనకు ఎద్దులున్నాయి, కోపం రాదా మరి. వాడి మాటలో నిజముంది. ఎద్దు ఒంట్లో శక్తి ఖర్చవుతోంది, వేడి రూపంలో పోతోంది. కానీ పుస్తకంలో పని అంటే, బలాన్ని ఆ బలం దిశలో కదిలిన దూరంతో గుణిస్తే వచ్చేది. బండ కదల్లేదు కాబట్టి బండ మీద జరిగిన పని సున్నా. ఈ తగువును తొందరపడి తెంచకండి. నేనైతే అరగంట కొట్టుకోనిస్తాను.

బండ కదిలాక లాగడం కొంచెం తేలికవుతుంది, జారుడు ఘర్షణ తక్కువ కాబట్టి. జడత్వం ఇక్కడే చెప్పేయండి. "జడకు సంబంధించిందా సార్?" అని ఒకమ్మాయి అడిగింది. కాదమ్మా, జడపదార్థం అంటామే, తనంతట తాను మారనిది, ఆ జడ. బయటి బలం తేడా తేనంతవరకు ఆగి ఉన్నది ఆగే ఉంటుంది, కదిలేది కదులుతూనే ఉంటుంది. పిల్లలు మొదటి సగమే గుర్తుపెట్టుకుంటారు.

వడి, వేగం దగ్గర మాత్రం నేనే పప్పులో కాలేశాను. ట్యూషన్ మొదలుపెట్టిన ఏడు, స్పీడ్ అంటే వేగం అని నెల రోజులు చెప్పాను. మనం మాట్లాడేటప్పుడు అంతే కదా! పుస్తకంలో స్పీడ్ వడి. దిశ కూడా కలిస్తేనే వేగం. ఎద్దుల జత వంద మీటర్లు పోయి, మళ్లీ మొదలైన చోటికే 200 సెకన్లలో వచ్చిందనుకోండి. దూరం 200 మీటర్లు, స్థానభ్రంశం, అంటే మొదలైన చోటి నుంచి చివరి చోటికి తిన్నగా ఉన్న దూరం, సున్నా. సగటు వడి సెకనుకు ఒక మీటరు, సగటు వేగం సున్నా.

సామర్థ్యం (పవర్) అంటే సెకనుకు ఎంత పని జరుగుతుందనేది. దానికి సిమెంటు బస్తా చాలు. బస్తా ద్రవ్యరాశి 50 కిలోలు. భారం, అంటే భూమి దాన్ని లాగే బలం, కావాలంటే గురుత్వ త్వరణం 9.8తో గుణించాలి, 490 న్యూటన్లు. దాన్ని మీటరున్నర ఎత్తున్న ట్రాలీ మీదికెత్తితే 735 జౌళ్ల పని. నిదానంగా ఎత్తినా, విసురుగా ఎత్తినా పని అంతే. ఒక్క సెకనులో ఎత్తితే 735 వాట్లు, అంటే దాదాపు ఒక హెచ్‌పీ (హార్స్‌పవర్, 746 వాట్లు). బోరు మోటారు ఐదు హెచ్‌పీ అని వాళ్లే చెప్తారు, అది సామర్థ్యం. కరెంటు బిల్లులో యూనిట్ మాత్రం శక్తి, ఒక్కో యూనిట్ 36 లక్షల జౌళ్లు. శ్రీశైలం కుడిగట్టు జలవిద్యుత్ కేంద్రం 770 మెగావాట్లు అంటే సామర్థ్యం, డ్యాంలో ఎత్తున నిలిచిన నీళ్లది స్థితిశక్తి, దూకేటప్పుడు గతిశక్తి.

చివర్లో ఒక ప్రశ్న వేస్తాను. అందరికీ అదే బండ, అన్ని నిమిషాలే గడువు, ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. మరి పందెంలో కొలుస్తున్నది బలమా, శక్తా, సామర్థ్యమా? మొన్న ఆ ఎద్దుల పిల్లోడే ముందు చెయ్యెత్తాడు. "సామర్థ్యం సార్. మా నాయనైతే సత్తువ అంటాడు."