చెవికి శిక్షణ – 4వ పాఠం: ఎల్పీనీ హై-రెస్ ఫైల్‌నీ పోల్చి వినడం

పోయిన పాఠంలో ఒకే పాటను మూడు వాల్యూముల్లో విని, ఏది బాగుందో రాసుకోమన్నాను. రాసుకున్నవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. వాల్యూమ్ కొద్దిగా పెరిగితే అది పెరిగినట్టు మనకు తెలియదు, పాటే నిండుగా, స్పష్టంగా అయినట్టు తోస్తుంది. అర డెసిబెల్ తేడా ఉన్నా ఇలా జరగొచ్చు. ఈ సంగతి పట్టించుకోకుండా చేసిన పోలికల వల్లే ఎల్పీ (సూదితో వినే వినైల్ రికార్డు) మేలా, హై-రెస్ (సీడీ కంటే ఎక్కువ వివరంతో దాచిన డిజిటల్ ఫైల్) మేలా అన్న వాదన ఇన్నేళ్లయినా తెగడం లేదని నా గట్టి నమ్మకం.

ఇంట్లో మామూలుగా ఏం చేస్తాం? ఒక ఎల్పీ పెట్టి వింటాం. వెంటనే అదే ఆల్బమ్ డిజిటల్ ఫైల్‌ను డాక్ (డిజిటల్ అంకెలను ధ్వని సంకేతంగా మార్చే పరికరం) ద్వారా వింటాం. తేడా కొట్టొచ్చినట్టు వినిపిస్తుంది, నిజంగా ఉంది కూడా. కానీ అక్కడ మారింది ఒక్కటి కాదు. వాల్యూమ్ మారింది, మాస్టరింగ్ (విడుదలకు ముందు పాట ధ్వనికి చేసే ఆఖరి దిద్దుబాటు) మారి ఉండొచ్చు, పాట వచ్చే దారే మారిపోయింది. మనం విన్న తేడా వీటిలో దేనివల్ల వచ్చిందో విడదీసి పట్టుకోవడమే ఈరోజు నేర్చుకునే పని.

ముందు డిజిటల్‌ను డిజిటల్‌తోనే పోలుద్దాం. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైల్ ఒకటి తీసుకోండి. ఆడాసిటీ లాంటి ప్రోగ్రామ్‌లో దాని నకలును 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కు, అంటే సీడీ స్థాయికి దించండి. ఆ నకలునే మళ్లీ 24/96కు మార్చి దాచండి. పోయిన వివరాలు దీంతో తిరిగి రావు, కానీ రెండు ఫైళ్లూ ఒకే రేటులో ఉంటే మారేటప్పుడు డాక్ టిక్కుమని ఆచూకీ ఇవ్వదు. సీడీ వెర్షన్‌ను మాత్రం వేరే చోటి నుంచి తెచ్చుకోవద్దు, అది వేరే మాస్టర్ కావచ్చు.

ఇప్పుడు ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ (పేరు చెప్పకుండా రెండు ఫైళ్లలో ఒకటి వినిపించి, అది ఏదో చెప్పించే పరీక్ష) కాంపొనెంట్ పెట్టుకుని, వినిపిస్తున్నది ఏ ఫైలో 16 సార్లు చెప్పండి. కనీసం 12 సార్లు సరిగ్గా చెబితేనే లెక్క. ఊరికే ఊహించి చెప్పినా 12 లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా వచ్చే అవకాశం దాదాపు 4 శాతం ఉంటుంది కాబట్టి, అన్ని వచ్చినవాళ్లు మరో రోజు ఇంకోసారి చేసి చూసుకోండి.

చాలామందికి ఇది కష్టంగా ఉంటుంది. దానికి కారణం ఉంది. డిజిటల్ ధ్వని మెట్లు మెట్లుగా ఉంటుందని బొమ్మలు గీసి చూపిస్తుంటారు. ఆ బొమ్మ తప్పు. డాక్ నుంచి బయటికొచ్చేది నున్నటి తరంగమే. 44.1 కిలోహెర్ట్జ్ రేటుతో (అంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిస్తే) 22.05 కిలోహెర్ట్జ్ లోపు ఉన్న ధ్వనిని పూర్తిగా తిరిగి నిర్మించవచ్చు. మన చెవి హద్దు 20 కిలోహెర్ట్జ్, వయసుతో అదీ తగ్గుతుంది. ఇక 16 బిట్లకు వచ్చే పరిధి, అంటే అతి మెత్తని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య తేడా, సుమారు 96 డెసిబెల్స్. నిశ్శబ్దంగా ఉన్న గదిలోనే 30 డెసిబెల్స్ దాకా చప్పుడు ఉంటుంది. దాని మీద మరో 96 వేస్తే చెవికి హాని చేసే స్థాయి. 2007లో మేయర్, మోరన్ ప్రచురించిన పరీక్షలో హై-రెస్ సంకేతాన్ని సీడీ స్థాయికి దించినా విన్నవాళ్లు తేడా పట్టలేకపోయారు. 2016లో పరిశోధకుడు జాషువా రీస్ అలాంటి పరీక్షలు అనేకం కలిపి లెక్కగడితే, ఊహ కంటే కాస్త మెరుగ్గా, చాలా స్వల్పంగా పట్టగలిగారని తేలింది. రికార్డింగ్, మిక్సింగ్ చేసేవాళ్లకు 24 బిట్లు నిజంగా అవసరం. వినేవాళ్లు మాత్రం ఆ అంకె చూసి ఆల్బమ్ కొనక్కర్లేదని నేనంటాను.

రెండో అభ్యాసం నాకు అన్నిటికంటే ఇష్టమైనది. టర్న్‌టేబుల్ నుంచి ఫోనో ప్రీయాంప్ (సూది నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే పరికరం) ద్వారా వచ్చే ధ్వనిని ఆడియో ఇంటర్‌ఫేస్‌తో (ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే పరికరం) 24/96లో రికార్డ్ చేయండి. తర్వాత యాంప్లిఫయర్‌లో ఎల్పీని ఒక ఇన్‌పుట్‌లో, ఆ ఫైల్‌ను ఇంకో ఇన్‌పుట్‌లో పెట్టండి. మీరు కూర్చునే చోట ఫోన్‌ను కదలకుండా ఉంచి, ధ్వని స్థాయి కొలిచే యాప్‌తో ఒకే 30 సెకన్ల ముక్కకు సగటు చూడండి. యాప్ అంకె అసలుకు అటూ ఇటూగా ఉన్నా పర్వాలేదు, రెండింటికీ ఒకే అంకె వస్తే చాలు. ఇంట్లో ఎవరినైనా నాణెం ఎగరేసి ఇన్‌పుట్ మార్చమనండి. మీరు అటు చూడకూడదు.

ఎల్పీనీ మామూలు ఫైల్‌నీ ఇలా కళ్లు మూసుకుని పోల్చలేం, సూది చిటపటలు వెంటనే పట్టిచ్చేస్తాయి. ఇక్కడ ఆ చిటపటలు కూడా ఫైల్‌లో ఉన్నాయి. రెండూ ఒకేలా వినిపిస్తే మీకు ఒక పెద్ద ప్రశ్న తీరినట్టే. ఎల్పీలో మీరు ప్రేమించే ఆ గుణాన్ని డిజిటల్ ఏమీ పారేయలేదు, మొత్తంగా పట్టుకోగలిగింది. అంటే ఆ గుణం పుట్టింది రికార్డు తయారీలో, సూదిలో, కార్ట్రిడ్జ్‌లో (సూది కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం).

అది ఏమిటో దగ్గరగా విందాం. గాడిలో బేస్‌ను తగ్గించి, ట్రెబుల్‌ను పెంచి చెక్కుతారు, ప్రీయాంప్ దాన్ని తిరగేసి సరిచేస్తుంది. 1954 నుంచి ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం) ప్రమాణం ఇదే. లోతైన బేస్‌ను సాధారణంగా రెండు చానెళ్లకూ సమానంగా ఉంచుతారు, లేకపోతే సూదికి గాడిలో నిలవడం కష్టం. పరిధి మహా అయితే 70 డెసిబెల్స్ చుట్టుపక్కల.

ఇంకొకటి చెవితోనే పట్టుకోవచ్చు. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అది మారదు. అయితే 12 అంగుళాల ఎల్పీలో బయటి అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు జరిగితే, లోపలి చివర 20 మాత్రమే జరుగుతుంది. అంతే ధ్వనిని సగం కంటే తక్కువ జాగాలో ఇరికించాలి. అందుకే ఒక వైపు మొదటి పాటలో 'స' వచ్చే చోట్లు రెండు గుర్తుపెట్టుకుని, ఆఖరి పాటలో అలాంటి చోట్లు వెతకండి. గాయని 'సరస' అంటే చివర్లో ఆ 'స' కొంచెం గరగరగా, 'ష'కు దగ్గరగా జారుతుంది. సూది అరిగినా, కార్ట్రిడ్జ్ వంకరగా బిగించినా ఇది మరీ ఎక్కువవుతుంది.

మరి కొన్ని ఎల్పీలు అదే ఆల్బమ్ డిజిటల్ వెర్షన్ కంటే నిజంగా హాయిగా ఎందుకుంటాయి? చాలాసార్లు జవాబు మాస్టరింగే. సీడీ కోసం పాటను బాగా అదిమి, గట్టిగా వినిపించేలా చేసి, ఎల్పీకి అంతగా అదమని మాస్టర్ వాడిన సందర్భాలున్నాయి. అన్నిటికీ అలా ఉండదు, ఒకే డిజిటల్ మాస్టర్ నుంచి చెక్కిన ఎల్పీలూ బోలెడు. డైనమిక్ రేంజ్ మీటర్ (పాట శిఖరాలకూ సగటు స్థాయికీ తేడాను అంకెగా చూపే సాధనం) అంకె చూసి మోసపోవద్దు. అదే మాస్టర్ అయినా ఎల్పీ మీదికెక్కేసరికి తరంగ శిఖరాలు మారిపోయి, మీటర్ ఎక్కువ అంకె చూపించవచ్చు.

కాబట్టి వచ్చే వారానికి పని ఇది. మీ దగ్గర ఎల్పీ, డిజిటల్ రెండూ ఉన్న ఒక ఆల్బమ్ తీసుకుని, రికార్డ్ చేసిన ఎల్పీ ఫైల్‌నీ డిజిటల్ వెర్షన్‌నీ ఆడాసిటీలో ఒకదాని కింద ఒకటి పెట్టండి. డ్రమ్ దెబ్బలు శిఖరాల్లా పైకి లేస్తున్నాయా, పైన కత్తిరించిన కంచెలా చదునుగా ఉన్నాయా చూడండి. రెండింటి సగటు స్థాయి ఒకటి చేశాక అదే చోటు విని, విన్నది ఒక వాక్యంలో రాసుకోండి. వచ్చే పాఠంలో కార్ట్రిడ్జ్ బిగింపు, సూది బరువు చూద్దాం. మీ కార్ట్రిడ్జ్‌కు తయారీదారు ఎన్ని గ్రాములు సూచించారో ముందే చూసి పెట్టుకోండి, చిన్న సూది తూకం కూడా సిద్ధం చేసుకోండి.