ఒక్క పిండిముద్దతో మొదలుపెట్టండి: ఇంట్లో బ్రెడ్డు, దాల్చినచెక్క చుట్టలు, కేకు

ఇంటివారికీ స్నేహితులకూ స్వయంగా బ్రెడ్డు చేసి పెట్టాలని అనుకునేవారు ముందుగా పది రకాల వంటవిధానాలు సేకరించుకోవడంకన్నా, పాలు, వెన్న కలిసిన ఒకే ఒక మెత్తని పిండిని బాగా చేతికి అలవాటు చేసుకోవడం మేలని నా అనుభవం చెబుతోంది. ఆ పిండితోనే శాండ్‌విచ్‌కు పనికివచ్చే రొట్టె వస్తుంది, బన్నులు వస్తాయి, దాల్చినచెక్క చుట్టలూ వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, పిండి ఎప్పుడు సిద్ధమైందో చూసి, ముట్టుకుని తెలుసుకునే నేర్పు వస్తుంది. వంటవిధానంలో రాసిన సమయం రాసినవారి వంటగదికి సరిపోయినది. వారి గది 28 డిగ్రీల వేడిలో ఉండి మీది 20 డిగ్రీల చలిలో ఉంటే, వారికి గంటలో పొంగిన పిండి మీకు రెండు గంటలు తీసుకున్నా ఆశ్చర్యం లేదు.

పరికరాల విషయంలో రెండింటికి మాత్రం ఖర్చు పెట్టమని చెబుతాను. మొదటిది గ్రాములు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూకం. ఒకే కప్పులో మైదాను చెంచాతో వదులుగా నింపితే ఒక బరువు, డబ్బాలో ముంచి తీస్తే మరొక బరువు వస్తుంది. ఈ తేడా కప్పుకు 20 గ్రాములు దాటడం మామూలే. నాలుగు కప్పుల దగ్గరికి వచ్చేసరికి మెత్తని పిండి కాస్తా గట్టిపడిపోవడానికి ఆ మాత్రం చాలు. రెండవది ఓవెన్‌లో పెట్టే థర్మామీటరు. ఓవెన్ మీది మీట 180 దగ్గర ఉన్నంతమాత్రాన లోపల 180 డిగ్రీలు ఉన్నాయని నమ్మడానికి లేదు. ఇళ్లలో వాడే ఓవెన్లలో 15, 20 డిగ్రీల తేడా తరచుగా కనిపిస్తుంది. కేకు పైభాగం మాడి లోపల పచ్చిగా మిగిలిపోతున్నదని బాధపడేవారు ముందుగా ఈ తేడానే చూసుకోవాలి.

గోధుమపిండిలో గ్లూటెనిన్, గ్లయడిన్ అనే రెండు మాంసకృత్తులు ఉంటాయి. వాటికి తడి తగిలి, పిండిని మర్దించినకొద్దీ అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వలగా మారతాయి. ఈస్టు పిండిలోని చక్కెరలను తిని విడిచే బొగ్గుపులుసు వాయువును పట్టి ఉంచేది ఆ వలే. ప్యాకెట్టు మీద మాంసకృత్తులు నూటికి 11 గ్రాములకు తగ్గకుండా ఉన్న మైదా బ్రెడ్డుకు బాగుంటుంది, 9 గ్రాముల దగ్గర ఉన్నది కేకులకూ బిస్కెట్లకూ నప్పుతుంది. ముడిగోధుమపిండిలో ఉండే తవుడు ఆ వలను అక్కడక్కడా తెంపుతుంది కనుక, పూర్తిగా దానితోనే చేసిన రొట్టె బరువుగా వస్తుంది. మొదట మైదాలో నాలుగో వంతు మాత్రం ముడిపిండి కలిపి, కాస్త ఎక్కువ పాలు పోసి చూడడం మంచిది.

ఇక ఈస్టు ప్రాణమున్న పదార్థమన్న సంగతిని ఎప్పుడూ మరచిపోకూడదు. నేను మొట్టమొదట చేసిన రొట్టె మూడు గంటలు వేచి చూసినా అంగుళమైనా పైకి లేవలేదు. అప్పుడే మరిగించి దించిన పాలను చల్లారనివ్వకుండా పోయడంవల్ల ఈస్టు చనిపోయిందని తెలుసుకోవడానికి నాకు ఇంకొక ప్యాకెట్టు ఖర్చయింది. 60 డిగ్రీల వేడిలో ఈస్టు బతకదు. పాలు మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుంటే వేడిగానీ చల్లగానీ అనిపించనంత గోరువెచ్చగా, అంటే దాదాపు 35 డిగ్రీల దగ్గర ఉండాలి. ఇన్‌స్టంట్ ఈస్టును నేరుగా మైదాలో కలపవచ్చు. కాస్త లావు గింజలుగా ఉండే యాక్టివ్ డ్రై ఈస్టునైతే ముందుగా ఆ గోరువెచ్చని పాలలో చెంచాడు చక్కెరతో పది నిమిషాలు నానబెట్టాలి. నురుగు కట్టకపోతే ఆ ఈస్టును పక్కన పెట్టేయాలి, దానిమీద మైదా పోసి మైదాను కూడా పోగొట్టుకోకూడదు.

కొలతలు ఇవి. మైదా 500 గ్రాములు, గోరువెచ్చని పాలు 320 గ్రాములు, చక్కెర 40 గ్రాములు, ఉప్పు 9 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 6 గ్రాములు, గది వేడిలో మెత్తబడిన వెన్న 50 గ్రాములు. వెన్న తప్ప మిగిలినవన్నీ వెడల్పాటి గిన్నెలో వేసి, పొడి మైదా ఎక్కడా కనిపించనంతవరకు కలిపి, మూతపెట్టి 20 నిమిషాలు కదిలించకుండా ఉంచాలి. ఈ విరామంలో మైదా పాలను పూర్తిగా పీల్చుకుంటుంది, గ్లూటెన్ తనంతట తానే అల్లుకోవడం మొదలుపెడుతుంది, ఆ తర్వాత చేతికి పడే శ్రమ సగానికి సగం తగ్గుతుంది. వెన్నను మొదటే వేయకపోవడానికి కారణం, కొవ్వు మైదా రేణువులకు పూతలా పట్టి ఆ అల్లికను ఆలస్యం చేస్తుంది.

విరామం తర్వాత వెన్నను రెండు మూడు విడతలుగా పిండిలోకి అదమాలి. ఇక్కడే చాలామంది కంగారుపడతారు. వెన్న వేయగానే పిండి జిడ్డుగా జారిపోతుంది, ముక్కలుగా విడిపోతుంది, చేతులకూ బల్లకూ అంటుకుంటుంది. ఆ సమయంలో పొడి మైదా చల్లాలన్న కోరికను అణచుకోవాలి. అరచేతి మడమతో పిండిని ముందుకు నెట్టి, మడిచి, పావు వంతు తిప్పి మళ్లీ నెట్టడం ఆపకుండా సాగిస్తే ఆరేడు నిమిషాలకు అది మళ్లీ ఒక్కటవుతుంది. పది పన్నెండు నిమిషాలకు బల్లను వదిలి, చెవి తమ్మెలా మెత్తగా, నున్నగా తయారవుతుంది. అప్పుడు నిమ్మకాయంత ముద్ద తీసుకుని రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా నాలుగు వైపులా సాగదీసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. చిరగకుండా పల్చటి పొరలా సాగి, వెనక ఉన్న వేలి నీడ కనిపిస్తే మర్దించడం చాలినట్టే. అంచులు గరుకుగా తెగిపోతే ఇంకొక మూడు నిమిషాలు కావాలి.

నూనె రాసిన గిన్నెలో పిండిని ఉంచి, ఆరిపోకుండా తడిగుడ్డ కప్పి, రెండింతలయ్యేవరకు వదిలేయాలి. మామూలు గది వేడిలో ఇది గంట నుంచి గంటన్నర పడుతుంది. రెండింతలు అయిందో లేదో కంటికి తెలియకపోతే, నిటారు గోడల గాజు పాత్రలో పెట్టి బయట రబ్బరుబ్యాండుతో మొదటి మట్టాన్ని గుర్తించుకోవచ్చు. తర్వాత గాలిని మెల్లగా అదిమి, పిండిని తూచి రెండు సగాలు చేయాలి. ఒక సగం రొట్టెకు, మరొక సగం చుట్టలకు.

రొట్టె సగాన్ని దీర్ఘచతురస్రంగా అదిమి, చాపను చుట్టినట్టు బిగువుగా చుట్టి, అతుకు కిందికి వచ్చేలా వెన్న రాసిన 20 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల టిన్నులో ఉంచాలి. ఈ రెండవ పొంగు మొదటిదానికన్నా సున్నితమైనది. మైదా అద్దిన వేలితో అర సెంటీమీటరు లోతుకు నొక్కి చూడాలి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా సమయం ఉంది. నెమ్మదిగా లేచి కొంచెం గుర్తు మిగిలితే ఓవెన్‌లోకి పంపవచ్చు. అసలు లేవకుండా అలాగే ఉండిపోతే పొంగు మించిపోయింది. అలాంటి రొట్టె ఓవెన్‌లో కుంగుతుంది గనుక, దాన్ని మళ్లీ అదిమి, చుట్టి, ఇంకొకసారి తక్కువసేపు పొంగనివ్వడం ఉత్తమం. పైన పాలు పూసి, ముందే వేడెక్కించిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 28 నుంచి 32 నిమిషాలు కాల్చాలి. మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి తెచ్చే ఆ బంగారు గోధుమరంగునూ వాసననూ, 1912లో ఆ చర్యను వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరుమీద మయార్ చర్య అంటారు. అయితే పైరంగు ఒక్కటే చూసి రొట్టె కాలిందని అనుకోకూడదు. ఓవెన్‌లో పెట్టేది కాక, వంటకంలో గుచ్చే రకం థర్మామీటరును నడిమధ్యలో గుచ్చితే 92, 93 డిగ్రీలు చూపితే లోపల కూడా ఉడికినట్టు. ఆ పరికరం లేనివారు టిన్నులోంచి తీసి అడుగున వేలితో తట్టితే డొల్లగా మోగాలి.

కాలిన వెంటనే టిన్నులోంచి తీసి, కింద గాలి ఆడే జాలీ మీద పెట్టి కనీసం గంటసేపు ఆగాలి. ఇంటిల్లిపాదీ ఆ వాసనకు వంటగదిలోకి వచ్చి నిలబడినప్పుడు ఈ మాట చెప్పడం కష్టమే. కానీ వేడి రొట్టె లోపల పిండిపదార్థం ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది. అప్పుడే కత్తి పెడితే లోపలి భాగం జిగురుగా నలిగి, ఆవిరంతా ఒక్కసారిగా పోయి, మిగిలిన రొట్టె సాయంత్రానికే ఎండిపోతుంది. ఆగలేని పిల్లలున్న ఇంట్లో కొంత పిండిని చిన్న బన్నులుగా చేసి కాల్చడం నేను కనుగొన్న మార్గం. అవి పావుగంటలో గోరువెచ్చగా తినడానికి సిద్ధమవుతాయి.

మిగిలిన సగం పిండిని 30 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పున ఒత్తి, 40 గ్రాముల మెత్తని వెన్న పూసి, 60 గ్రాముల గోధుమరంగు చక్కెరలో రెండు చెంచాల దాల్చినచెక్క పొడి కలిపి అంచుల వరకు చల్లాలి. వెన్న కరిగి నీరులా ఉంటే చక్కెర కిందికి కారిపోయి అడుగంటుతుంది కనుక మెత్తగా ఉంటే చాలు, కరగకూడదు. పొడవు అంచునుంచి చుట్టుకుంటూ వచ్చి ఎనిమిది ముక్కలు చేయాలి. కత్తి చుట్టను నలిపి చప్పిడిగా చేస్తుంది. అందుకు బదులు శుభ్రమైన గట్టి దారాన్ని చుట్ట కిందుగా పోనిచ్చి, రెండు కొసలనూ పైన కత్తెరగా దాటించి లాగితే పొరలు చెదరకుండా తెగుతాయి. కొంచెం ఎడంగా పేర్చి, ఒకదానికొకటి ఆనుకునేంతవరకు పొంగనిచ్చి, 180 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు కాల్చాలి. తెల్లవారాక అతిథులకు వేడిగా పెట్టాలనుకుంటే, ముక్కలు చేసి పళ్లెంలో పేర్చాక గట్టిగా మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. చలికి ఈస్టు మందగించి నెమ్మదిగా పనిచేయడంవల్ల రుచి కూడా ముదురుతుంది. పొద్దున్నే బయట పెట్టి, చలి వదిలి ఉబ్బిన తర్వాతే కాల్చాలి.

కేకుకు వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. రొట్టెలో మనం కష్టపడి పెంచిన గ్లూటెన్‌ను ఇక్కడ పెరగనివ్వకూడదు. పౌండు కేకు నేర్చుకోవడానికి అనువైనది, ఎందుకంటే మైదా, వెన్న, చక్కెర, గుడ్లు నాలుగూ సమాన బరువు. 23 సెంటీమీటర్ల పొడవు, 13 సెంటీమీటర్ల వెడల్పు టిన్నుకు ఒక్కొక్కటి 200 గ్రాములు, అంటే గుడ్లు నాలుగు. వేలితో నొక్కితే గుంట పడేలా, అయినా మెరుపు లేకుండా చల్లగా ఉన్న వెన్నలో చక్కెర వేసి, రంగు పాలిపోయి గుల్లబారేవరకు ఐదారు నిమిషాలు గిలక్కొట్టాలి. చక్కెర గింజల అంచులు వెన్నలో చేసే సన్నని గాలిబుడగలే కేకుకు ఆధారం. తర్వాత వేసే బేకింగ్ పౌడర్ ఆ బుడగలను పెద్దవి చేస్తుందేగాని కొత్తవి పుట్టించలేదు. గుడ్లు ఫ్రిజ్ చలి వదిలినవై ఉండాలి, ఒక్కొక్కటిగా కలపాలి. మిశ్రమం విరిగినట్టు కనిపిస్తే ఒక చెంచాడు మైదా వేస్తే సర్దుకుంటుంది. చిటికెడు ఉప్పు, చెంచాడు బేకింగ్ పౌడర్ కలిపి జల్లించిన మైదాను చివర్లో గరిటెతో తిరగేస్తూ కలిపి, తెలుపు కనిపించకుండా పోగానే ఆపాలి. 170 డిగ్రీల దగ్గర 50 నుంచి 60 నిమిషాలు పడుతుంది. నడుమ గుచ్చిన పుల్లకు తడి పిండి అంటకూడదు.

గుడ్డు తిననివారికి అరటిపండు బ్రెడ్డు చేసి పెట్టండి. పేరుకే అది బ్రెడ్డు, పద్ధతి కేకుదే. తొక్క నల్లబడిన పండ్లలో పిండిపదార్థం చాలామటుకు చక్కెరగా మారి ఉంటుంది కనుక అవే తగినవి. అలాంటి పండ్ల గుజ్జు 350 గ్రాములు, పెరుగు 100 గ్రాములు, వాసనలేని నూనె 100 మిల్లీలీటర్లు, చక్కెర 120 గ్రాములు కలిపి, అందులో 250 గ్రాముల మైదా, చెంచాడు వంటసోడా, అరచెంచా ఉప్పు వేసి, పది పన్నెండు సార్లకు మించకుండా తిప్పాలి. వంటసోడా పొంగాలంటే పులుపు తప్పనిసరి, ఇక్కడ ఆ పని పెరుగు చేస్తుంది. తన పులుపును తనలోనే ఉంచుకున్న బేకింగ్ పౌడర్ దానికి సమానం కాదు. చెంచాడు సోడా పనికి సుమారు మూడు చెంచాల పౌడర్ కావాలి. సోడా తడి తగలగానే వాయువు విడవడం మొదలుపెడుతుంది గనుక ఆలస్యం చేయకుండా, పౌండు కేకుకు వాడిన కొలత టిన్నులోనే పోసి, 175 డిగ్రీల దగ్గర 55 నిమిషాలు కాల్చాలి.

బిస్కెట్లకు గుర్తుంచుకోవలసింది ఒకటి, రెండు, మూడు అన్న నిష్పత్తి. 100 గ్రాముల చక్కెర, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా. ముద్దచేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, కోసి, 160 డిగ్రీల దగ్గర అంచులు లేతగా రంగు తిరిగేవరకు కాల్చాలి.

ఇతరులకు పంపేటప్పుడు కొన్ని జాగ్రత్తలు నేను తప్పక పాటిస్తాను. పూర్తిగా చల్లారనిదే దేన్నీ డబ్బాలో పెట్టను. లోపల పట్టిన చెమ్మ కేకు పైభాగాన్ని జిగురు చేసి, త్వరగా బూజు పట్టిస్తుంది. గోధుమ, పాలు, గుడ్డు, బాదం, వేరుశనగ వంటివి వేసినప్పుడు వాటిని ఒక చీటీమీద రాసి జతచేస్తాను. ఏడాది నిండని బిడ్డకు తేనె వేసినవేవీ, కాల్చినవైనా సరే, పెట్టకూడదు. గిన్నెకు అంటిన పచ్చి పిండిని పిల్లలకు నాకనివ్వకూడదు. గుడ్డు లేకపోయినా పచ్చి మైదాలోనే హానికరమైన సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది.

రొట్టెను ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఆ చలిలో పిండిపదార్థం మళ్లీ గట్టి పలుకులుగా మారడం వేగమై, బయట ఉంచినదానికన్నా ముందే పాతబడుతుంది. రెండు రోజుల్లో తినేది గుడ్డలో చుట్టి బయట ఉంచి, మిగిలినది చల్లారిన రోజే ముక్కలు కోసి, గాలి చొరని సంచిలో ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. కావలసినప్పుడు ఒక్కొక్క ముక్కను కరిగే వరకు ఆగకుండా నేరుగా టోస్టరులో వేసుకోవచ్చు.