సముద్రపు చేపపిల్ల ఒళ్లు చేసిందా, చిక్కిందా? ఒడ్డునే చూసుకునే పద్ధతి

భావనపాడు, కళింగపట్నం, కోనాడ, చింతపల్లి... మన ఉత్తరాంధ్ర తీరంలో ఎక్కడ ఒడ్డుకి పెద్ద వల లాగినా అమ్ముడుపోయే చేపల కింద వేలెడంత పిల్లలు కుప్పగా వస్తాయి. కవళ్ల (సార్డిన్) పిల్లలు, కానాగంతల (మాకెరెల్) పిల్లలు, గొరకలు, కారలు అన్నీ కలిసిపోయి ఉంటాయి, ఏరగా మిగిలినవి ఎండబెట్టేస్తారు. ఆ పిల్లల ఒంటి పుష్టి చూడటం వస్తే గడిచిన కొద్దివారాల్లో ఒడ్డు దగ్గర వాటికి తిండి సరిగ్గా దొరికిందో లేదో చాలావరకు పట్టేయొచ్చు. జువాలజీ, ఫిషరీస్ చదివే పిల్లలకి ప్రాజెక్టుగా కూడా ఇది బాగుంటుంది, ఖర్చు పెద్దగా ఉండదు.

ముందుగా ఒక్క మాట. చేపని ఒంటరిగా చూసి ఇది బక్కది, ఇది పుష్టిది అని చెప్పలేం. సావళ్లు పుట్టుకతోనే రిబ్బనులా ఉంటాయి, కారలు పలచగా బిళ్లలా ఉంటాయి, వాటిని గొరక పక్కన పెట్టి చిక్కిపోయాయి అంటే అర్థం లేదు. ఒకే జాతి, దాదాపు ఒకే పొడవు, వీలైతే ఒకే వలలో పడినవి పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత జాగ్రత్తగా తూచినా వృథా.

పిల్లల్ని చూడటంలో ఒక సుఖం ఉంది. కడుపులో జన (గుడ్లు) పట్టిన పెద్ద చేపకి బరువు జన వల్ల కూడా పెరుగుతుంది, అది పుష్టి కాదు. పిల్లకి ఆ గొడవ లేదు. అయితే పిల్ల తిన్నదంతా పొడవు పెరగడానికే ఎక్కువ వాడుకుంటుంది, కొవ్వు పెద్దగా దాచుకోదు, కాబట్టి పెద్ద చేపల లెక్కలు తెచ్చి పిల్లల మీద పెట్టకండి.

చేపలు ఎలా తెచ్చుకోవాలి? వల లాగే వాళ్లని అడిగితే చాలు. 'మావా, ఆ చిన్నవి ఓ దోసెడు ఇస్తావా, కొలుస్తాను' అంటే కాదనేవాళ్లు తక్కువ. ఎలాగూ చచ్చి వచ్చిన వాటినే తీసుకోండి, దీనికోసం ప్రత్యేకంగా పట్టించొద్దు. బతికున్నది కొలవాలంటే చెయ్యి తడిపి పట్టుకుని, నీడలో సముద్రపు నీళ్ల బకెట్లో ఉంచి, చటుక్కున కొలిచి వదిలేయాలి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది, తర్వాత పుండు పడుతుంది. ఇంకో సంగతి, కుప్పలోంచి మంచివి ఏరుకోకండి. కంటికి నచ్చినవి తీస్తే పుష్టిగా ఉన్నవే వస్తాయి. ఓ మూల నుంచి వచ్చినవి వచ్చినట్టు తీసుకోండి.

ఇప్పుడు కంటితో చూసే పని. చేపని అరచేతిలో బోర్లా, వీపు పైకి ఉండేలా పెట్టి పైనుంచి చూడండి. తల ఎక్కడ అయిపోతుందో అక్కడి నుంచి వీపు కండ మొదలవుతుంది. పుష్టి ఉన్న పిల్లకి ఆ చోట తలకీ వీపుకీ మధ్య మెట్టు ఉండదు, కండ నిండుగా గుండ్రంగా సాగిపోతుంది. చిక్కినదానికి తల వెనకే ఒళ్లు సన్నబడిపోతుంది, తల ఒంటికి మించి పెద్దదిగా, కళ్లు మరీ పెద్దవిగా కనిపిస్తాయి. బొటనవేలితో తల వెనక నుంచి వీపు రెక్క వరకు మెల్లగా నిమిరితే వేలి కింద కండ తగులుతోందా ఎముక అంచు తగులుతోందా అన్నది తెలిసిపోతుంది. రెండు మూడు పిల్లల్ని ఒకదాని తర్వాత ఒకటి నిమిరితే తేడా ఇంకా బాగా పట్టుబడుతుంది.

అందరూ ముందు పొట్ట చూస్తారు. పొట్టని అంతగా నమ్మొద్దు అంటాను నేను. ఇప్పుడే మేసిన బక్క పిల్లకీ పొట్ట ఉబ్బుతుంది, ఎండలో పడి ఉన్నదానికి లోపల గ్యాసు పట్టి ఉబ్బుతుంది. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటే మాత్రం లెక్కలోకి తీసుకోండి, ఉబ్బి ఉంటే వీపు ఏం చెబుతోందో చూడండి. పనిలో పనిగా నోరు తెరిచి, మొప్ప మూత ఎత్తి చూడండి. తెల్లగా, గొంగళిపురుగంత, కాళ్లున్న పురుగు పట్టుకుని ఉంటే అది రక్తం పీల్చే పరాన్నజీవి, ఆ చేపని నోట్‌లో వేరేగా రాయాలి.

కొలతకి వద్దాం. ఒక స్కేలు, వీలైతే వెర్నియర్ క్యాలిపర్, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు. పొడవు మూడు రకాలుగా కొలుస్తారు, మూతి నుంచి తోక చివరి వరకు ఒకటి, తోక చీలిక లోపలి గుంట వరకు ఒకటి, తోక ఎముక అయిపోయే చోటి వరకు ఒకటి. వలలో తోక చివర్లు తరచూ చిరుగుతాయి గనుక కానాగంత, కవళ్ల లాంటి చీలిన తోక ఉన్నవాటికి రెండోదే మేలు. ఏదైనా సరే, మొదలుపెట్టిన రకమే చివరిదాకా వాడండి. మధ్యలో మార్చితే లెక్కంతా పాడు.

సూత్రం తేలికే. బరువు గ్రాముల్లో తీసుకుని వందతో హెచ్చించి, సెంటీమీటర్లలో ఉన్న పొడవు ఘనంతో భాగించండి. దీన్ని ఫుల్టన్ గుణకం అంటారు. ఉదాహరణకి 9.2 సెంటీమీటర్ల పిల్లలు రెండు ఉన్నాయనుకుందాం, ఒకటి 7.4 గ్రాములు, ఇంకోటి 8.6 గ్రాములు. 9.2 ఘనం 778.7. మొదటిదానికి 0.95, రెండోదానికి 1.10 వస్తుంది. తేడా స్పష్టంగా ఉంది కదా. ఇప్పుడు మొదటిదాన్నే పొరపాటున 9.4 అని కొలిచామనుకోండి, 0.89కి పడిపోతుంది! రెండు మిల్లీమీటర్ల పొరపాటుకే పుష్టి తగ్గినట్టు కనిపించింది. పొడవుని ఘనం చేస్తున్నాం కాబట్టి అందులోని తప్పు దాదాపు మూడింతలవుతుంది, పిల్ల ఎంత చిన్నదైతే అంత ప్రమాదం. అందుకే 5 సెంటీమీటర్ల లోపు వాటికి స్కేలు పనికిరాదు, క్యాలిపర్ ఉండాల్సిందే, పొడవు రెండుసార్లు చూడాల్సిందే. కాటా కూడా 0.01 గ్రాము చూపించేది కావాలి, ఫ్యాను ఆపేసి తూచండి.

తూచే ముందు ఒంటి మీది నీళ్లు గుడ్డతో అద్దాలి, గట్టిగా రుద్దితే పొలుసులు రాలిపోతాయి, కవళ్లకి మరీను. తాజాగా తూచినవాటిని, ఐసులో లేదా ఫ్రీజర్లో ఉంచి తీసినవాటిని కలిపి పోల్చకూడదు. ఫార్మలిన్‌లో గానీ స్పిరిట్‌లో గానీ ఉంచితే పొడవు, బరువు రెండూ మారతాయి. ఒడ్డునే కొలిచేస్తే ఈ టెన్షన్ ఉండదు.

ఫుల్టన్ లెక్కకి ఒక లోపం ఉంది. చేప పెరిగేకొద్దీ ఆకారం మారకుండా బరువు సరిగ్గా పొడవు ఘనంతో పాటే పెరుగుతుందని అది అనుకుంటుంది, చాలా జాతుల్లో అలా జరగదు. 5 సెంటీమీటర్ల పిల్లకీ 12 సెంటీమీటర్ల పిల్లకీ ఆకారమే వేరు. రకరకాల పొడవులు ఉన్నప్పుడు లె క్రెన్ అనే శాస్త్రవేత్త పద్ధతి మంచిది, 1951లో ఆయన ఇంగ్లండ్‌లోని విండర్మియర్ సరస్సు పెర్చ్ చేపల మీద పెట్టిన లెక్క అది. మీ దగ్గరున్న చేపలన్నిటి పొడవు, బరువులకి లాగరిథమ్ తీసి, ఎక్సెల్‌లో సరళరేఖ గీయించండి. ఆ రేఖ ప్రకారం ఆ పొడవుకి ఎంత బరువుండాలో వస్తుంది, అది లాగరిథమ్‌లో ఉంటుంది గనుక తిరిగి గ్రాముల్లోకి మార్చుకోండి. అసలు బరువుని దాంతో భాగిస్తే 1 దాటినవి మీ గుంపులో సగటు కంటే పుష్టివి, 1 లోపువి చిక్కినవి. చేపల వివరాలుండే ఫిష్‌బేస్ వెబ్‌సైట్లో చాలా జాతులకి ఈ పొడవు-బరువు అంకెలు దొరుకుతాయి గానీ అవి ఎక్కువగా వేరే చోట్లవి, పెద్ద చేపలవి, సరిచూసుకోడానికి మాత్రమే వాడండి.

వల సంగతి మరవొద్దు. కంతలో తల దూరి ఇరుక్కునే రకం వలలో ఒకే పొడవున్న రెండు పిల్లల్లో బక్కది జారిపోతుంది, పుష్టిది ఇరుక్కుంటుంది. ఆ వలలోవి చూసి ఈ ఏడు పిల్లలన్నీ బాగున్నాయి అనేస్తే తప్పు. ఒడ్డుకి లాగే పెద్ద వలలో చిన్న కన్నుల సంచి ఉంటుంది గనుక రెండూ పడతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, మోటారు పడవలు కదలవు, అందుకని ఆ రోజుల్లో దొరికినవీ మిగతా నెలలవీ ఒకే రకం వల నుంచి రాకపోవచ్చు. వంశధార, నాగావళి, చంపావతి నదులు సముద్రంలో కలిసేచోట్ల పట్టినవాటిని కూడా నేరుగా మిగతా ఒడ్డువాటితో కలిపేయకండి, ఆ మొగల్లో ఉప్పూ వేరు, మేతా వేరు.

కాబట్టి నోట్‌బుక్కులో ప్రతి చేపకీ జాతి, తేదీ, ఊరు, వల రకం, ఎన్ని గంటలకి పట్టారో, తాజాదా ఐసుదా, పొడవు ఏ రకం, బరువు, పొట్ట ఖాళీయా నిండుదా, పురుగు ఉందా అన్నవి రాసి, చివర్లో వీపు చూసి మీకేమనిపించిందో 'పుష్టి, మధ్యస్థం, చిక్కింది' అని ఒక గడి పెట్టండి. ఆ గడి లెక్క వేయకముందే నింపాలి. అంకె చూశాక నింపితే కన్ను అంకెనే నమ్ముతుంది. కన్నూ అంకె రెండూ కలవకపోతే ఆ చేప పొడవు మళ్లీ కొలవండి.