ఏది అందరి ఓటుకు, ఏది ప్రతినిధులకు: ఆన్‌లైన్ ఓటింగ్ పెట్టుకునే సంఘాలకు

ప్రతి విషయాన్నీ ఫోన్లోనే ఓటుకు పెట్టేస్తే కార్యవర్గంతో పనేముందని చాలామంది అడుగుతారు. ఓట్లు లెక్కపెట్టడం ఇప్పుడు తేలికే. ముప్పై పేజీల ముసాయిదా చదివే తీరిక మాత్రం ఎవరికీ పెరగలేదు. కాబట్టి ముందు పని పంచండి. నియమావళి సవరణ, చందా పెంపు, ఆస్తి అమ్మకం వంటి వెనక్కి తీసుకోవడం కష్టమైనవి అందరి ఓటుకు పెట్టండి. ముసాయిదా రాయడం, బేరాలు, రోజువారీ ఖర్చులు ఎన్నికైనవాళ్లకు వదలండి. వాళ్ల నిర్ణయాన్ని ఆపే హక్కు మాత్రం సభ్యుల చేతిలోనే ఉండాలి. స్విట్జర్లాండ్‌లో పార్లమెంటు చేసిన చట్టంపై 100 రోజుల్లో 50,000 సంతకాలు వస్తే అది జనం ఓటుకు వెళ్లాల్సిందే. సంఘానికైతే 30 రోజుల్లో 5 శాతం సభ్యుల సంతకాలు సరిపోతాయి. 1 శాతానికి దించారంటే వారం వారం ఓటింగే. జనం విసిగిపోయాక ఖాళీగా ఉన్న నలుగురే అన్నీ తేలుస్తారు.

చాలా తీర్మానాలు దెబ్బతినేది కోరం దగ్గర, అంటే ఓటింగ్ చెల్లాలంటే కనీసం ఇంతమంది పాల్గొనాలన్న నియమం దగ్గర. 1,000 మంది సభ్యులు, సగం మంది ఓటేస్తేనే చెల్లుతుందన్న నియమం అనుకోండి. అనుకూలం 400, వ్యతిరేకం 150. వ్యతిరేకులు ఓటేస్తే మొత్తం 550, తీర్మానం నెగ్గుతుంది. వాళ్లు ఇంట్లో కూర్చుంటే 400 దగ్గర ఆగి వీగిపోతుంది! చట్టాల రద్దుకు ఇటలీలో జనం నేరుగా ఓటేసే రెఫరెండాల్లోనూ సగానికి పైగా ఓటర్లు పాల్గొనాలన్న నియమం ఉంది. అక్కడ ఓటేయకండని ప్రచారం చేయడమే ఒక ఎత్తుగడ. దీనికి విరుగుడు ఉంది: హాజరును లెక్కించకండి. అవునన్న ఓట్లు వ్యతిరేక ఓట్లను మించాలి, మొత్తం సభ్యుల్లో 25 శాతానికి తగ్గకూడదు అని రాసుకోండి.

ప్రశ్నలో ఒకే సంగతి ఉండాలి. ‘చందా పెంచి భవనం బాగుచేయాలా?’ అన్నది రెండు ప్రశ్నలు. మూడు ప్రతిపాదనలుంటే రెండేసి చొప్పున పోటీ పెట్టకండి. మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడించవచ్చు. 18వ శతాబ్దంలోనే ఫ్రెంచ్ గణితవేత్త కాండోర్సే చూపించిన చిక్కు ఇది. అప్పుడు ఏ జతను ముందు పెట్టారన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు వేయించండి, లెక్కించే పద్ధతిని ముందే ప్రకటించండి.

ఓటరు జాబితాను ప్రశ్న ప్రకటించకముందే స్తంభింపజేయండి. ఫోన్ నంబరు, ఓటు ఒకే షీట్లో పడే మామూలు ఫారం వాడితే అది రహస్య ఓటు కాదు. పక్కన కూర్చుని ఒత్తిడి చేసేవాళ్లుంటారు గనుక గడువులోగా ఓటు మార్చుకోనివ్వండి, చివరిదే చెల్లాలి. 2005 నుంచి ఇంటర్నెట్ ఓటు నడుపుతున్న ఎస్టోనియా చేసేదదే. సభ్యుల ఓటు గుట్టుగా ఉండాలి, ప్రతినిధుల ఓటు పేరుతో సహా బయట పెట్టాలి.

తన ఓటును మరొకరికి అప్పగించే సౌకర్యం ఇస్తే, ఒక్కరి దగ్గర ఇరవైకి మించి పోగవకుండా చూడండి. ఏ క్షణమైనా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఏడాది దాటిన అప్పగింత దానంతటదే రద్దు కావాలి, ఎందుకంటే ఇచ్చిన సంగతే చాలామంది మర్చిపోతారు.