స్ప్రూస్ అడవిలో అరుదైన క్యాపా పుట్టగొడుగులను గుర్తుపట్టడం ఎలా?

ఆగస్టు వచ్చిందంటే ఫిన్లాండ్‌లో ఎస్పో ఊళ్లో ఉండే మన తెలుగువాళ్లం డబ్బాలు పట్టుకుని నూక్సియో అడవి వైపు బయల్దేరతాం. ముందు బ్లూబెర్రీలు, ఆ తర్వాత పసుపుపచ్చని కాంతారెల్లి పుట్టగొడుగులు. దారికి అడ్డంగా మాను పడి ఉంటే అందరూ దాటుకుని వెళ్లిపోతారు. నేను మాత్రం అక్కడే ఆగిపోతాను. ఈ అడవిలో నాకు అన్నిటికన్నా విలువైనవి కనిపించేది ఆ పడిపోయిన మాను అడుగు వైపే.

కర్రను కుళ్లబెడుతూ, అడుగున సన్నని చిల్లులతో ఉండే పుట్టగొడుగును ఇక్కడ క్యాపా అంటారు. ఫిన్లాండ్‌లో ఇవి సుమారు 250 రకాలున్నాయి. చాలా రకాలు ఎక్కడైనా సర్దుకుంటాయి. కొన్నింటికి మాత్రం పాత అడవే కావాలి. ఒక మాను పూర్తిగా మట్టిలో కలిసేలోపు పక్కన ఇంకొకటి పడుతూ ఉండాలి. దక్షిణ ఫిన్లాండ్‌లో మనిషి చెయ్యి పడని పాత స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) అడవిలో హెక్టారుకు 60 నుంచి 120 ఘన మీటర్ల దాకా చచ్చిన కలప ఉంటుంది. కలప కోసం పెంచే అడవిలో అందులో పదో వంతు కూడా మిగలదు. ఈ రకాలు అరుదైపోవడానికి అసలు కారణం అదే.

అందుకే పుట్టగొడుగు కోసం వెతక్కండి, ముందు మానును వెతకండి. ఒకటిన్నర జానెడు అడ్డకొలత దాటిన స్ప్రూస్ అయి ఉండాలి. రంపంతో కోసింది కాకుండా, వేళ్లతో సహా పెకలించుకునో, నడిమికి విరిగో పడి ఉండాలి. తర్వాత ఎంత మెత్తబడిందో చూడాలి. పరిశోధకులు కత్తి గుచ్చి చూస్తారు. కొన్ని మిల్లీమీటర్లే దిగితే కొత్తగా పడిన మాను, మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు దిగితే సగం చివికింది, పిడి దాకా దిగిపోతే బాగా చివికింది. మనకు బొటనవేలు చాలు. సగం చివికిన మాను దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. రకరకాలు దొరికేది అక్కడే.

కుళ్లు కూడా రెండు రకాలు. కర్ర గోధుమరంగుకు తిరిగి, నిలువుగా అడ్డంగా పగిలి చదరపు ముక్కలుగా రాలుతుంటే అది గోధుమ కుళ్లు. కర్రలో పీచులాంటి సెల్యులోజు పోయి, దాన్ని గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ మిగిలిందన్నమాట. తెల్లగా పీచు పీచుగా విడిపోతుంటే తెల్ల కుళ్లు, లిగ్నిన్ కూడా పోయినట్టు. పుట్టగొడుగు కనబడకముందే అక్కడ ఎవరు పని చేసి వెళ్లారో ఈ పొడి చెబుతుంది.

ఇక మామూలువాటిని కళ్లు మూసుకున్నా పోల్చుకునేంతగా అలవాటు చేసుకోండి. అందరికన్నా ముఖ్యం కంతోక్యాపా, శాస్త్రీయ నామం ఫోమిటాప్సిస్ పినికోలా. పైన నల్లగా, అంచున ఎర్రటి నారింజ పట్టీ, అడుగున వెన్నరంగు. ముదిరినవాటికి ఆ పట్టీ ఉండకపోవచ్చు, కాబట్టి పై రంగును ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. స్ప్రూస్ మీద పల్చగా, వరసలు వరసలుగా, అంచుల్లో ఊదా రంగుతో ఉండేది ట్రైకాప్టమ్ అబియెటినమ్. బర్చ్ చెట్టుకు గుర్రపు డెక్కలా అతుక్కుని ఉండేది తావులక్యాపా. ఇవి కనబడితే సంతోషమే, కానీ అరుదైనవి కావు.

ఇప్పుడు నేను వెతికేవాటి దగ్గరికి వస్తాను. రుసోకంతోక్యాపాను, అంటే ఫోమిటాప్సిస్ రోజియాను, పైనుంచి చూస్తే చిన్న కంతోక్యాపా అనుకుని వదిలేస్తాం. నల్లటి పైభాగం, అరచేతికన్నా చిన్నది, కర్రలా గట్టిది. అడుగు చూడాలి. దానికోసం మానును దొర్లించొద్దు. దొర్లిస్తే కింద తేమ పోతుంది, బతికున్నదీ పోతుంది. జేబులో పట్టే చిన్న అద్దం మాను కిందకి పెట్టి, ఫోన్ లైటు వెయ్యండి. చిల్లులు ఎంత సన్నగా ఉంటాయంటే, పదింతల భూతద్దం లేకపోతే నున్నటి పూతలాగే కనిపిస్తాయి. ఆ పూత గులాబీ రంగు. కొత్తగా పెరిగిన అంచున లేత గులాబీ, పాత భాగంలో మట్టి కలిసినట్టుండే గులాబీ. లెప్టోపోరస్ మాలిస్ కూడా గులాబీ రంగుదే, కానీ వేలితో నొక్కితే మెత్తగా దిగిపోతుంది. రోజియా వేలికి లొంగదు.

పుర్సుక్యాపా, అంటే అమైలోసిస్టిస్ లాపోనికా, శరదృతువులో వస్తుంది. తెల్లగా, నీరు పట్టి, పైన నూగుతో ఉంటుంది. ఒక మూల వేలితో మెల్లగా నొక్కి కాసేపు ఆగండి. నొక్కినచోట ఎర్రటి గోధుమరంగు పొడుచుకొస్తుంది. ఒక్కసారి నొక్కితే చాలు, మళ్లీ మళ్లీ నలపకండి.

ఫ్లేబియా సెంట్రిఫ్యూగా క్యాపా కాదు, చిల్లులుండవు. లావాటి స్ప్రూస్ మానుకి పూతలా అంటుకుని, నడిమి నుంచి బయటికి గుండ్రంగా పాకుతుంది. అంచున తెల్లటి కుచ్చులుంటాయి. బాగా చివికి నాచు పట్టిన మానులో పొడవాటి తెల్లటి గుంటలు కనబడితే ఫెల్లోపైలస్ నైగ్రోలిమిటాటస్ అనే క్యాపా గుర్తుకు రావాలి. ఆ క్యాపా ముక్క విరిగి పడి ఉన్నది దొరికితే, దాని మెత్తటి గోధుమరంగు కండలో సన్నటి నల్లగీత కనిపిస్తుంది.

ముక్కును కూడా వాడండి. స్కెలిటోక్యూటిస్ ఒడోరా తాజాగా ఉన్నప్పుడు వెల్లుల్లి వాసన వేస్తుంది. ఉత్తరాన ముసలి రైతా (ఒక రకం విల్లో) చెట్లకు పట్టే హాప్లోపోరస్ ఓడోరస్‌ది సోంపు వాసన, చెట్టు కనబడకముందే తగులుతుంది. పోపులపెట్టె వాసనల మధ్య పెరిగిన మనకు ఇది సులువు.

వంతుల లెక్క కూడా తెలుసుకోండి. కంతోక్యాపా తిని వదిలేసిన మాను మీద తర్వాత నారింజ రంగు పిక్నోపొరెల్లస్ ఫుల్జెన్స్ రావచ్చు. అందుకే ఎండిపోయిన కంతోక్యాపాలు వరసగా ఉన్న పాత మాను నాకు కొత్తదానికన్నా ఇష్టం. అలాంటి మాను తెలిస్తే ఏటా సెప్టెంబరులో వెళ్లి చూడండి.

కత్తి మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి. నేషనల్ పార్కులో బెర్రీలు, తినే పుట్టగొడుగులు ఏరుకోవచ్చుగానీ, క్యాపాను విరవకూడదు, చచ్చిన మానునూ పాడు చెయ్యకూడదు. బయటి అడవుల్లోనూ క్యాపా చెట్టులో భాగమే, భూమి యజమాని అనుమతి లేకుండా తియ్యకూడదు. గాలి వీచే రోజున నిలబడి చచ్చిన చెట్ల కిందకి వెళ్లకండి. ఇంటికొచ్చాక పిడుదులు పట్టాయేమో ఒళ్లంతా చూసుకోండి.

దొరికినదాన్ని ఫిన్లాండ్ జీవజాతుల సమాచార వెబ్‌సైటు laji.fiలో నమోదు చెయ్యండి. పైనుంచి ఒక ఫోటో, అడుగు నుంచి ఒకటి, భూతద్దం పెట్టి చిల్లులది ఒకటి, మాను మొత్తం కనబడేలా ఒకటి తియ్యండి. ఏ చెట్టు, ఎంత లావు, ఎంత మెత్తబడింది, ఏ రకం కుళ్లు, ముందు ఏ క్యాపా వచ్చి పోయింది అన్నవి రాయండి. మాను వివరాలు లేకపోతే, తెలిసినవాళ్లు కూడా చాలాసార్లు పేరు చెప్పలేరు.